పదకొండో పేరాలోని మజ్జిగ

నరసరావుపేట కోర్టులో నా గురించి ఒక కథ తిరుగుతుంటుంది. కొత్తగా నల్లకోటు వేసుకున్న వాళ్ళకి బార్ రూమ్‌లో టీ గ్లాసు చేతికిచ్చి, ఎవరో ఒక పెద్దాయన అదే పనిగా చెబుతాడు. "మన మేడమ్ మొదటి కమిషన్‌కి పొయ్యినప్పుడు పొలం తగాదాలో ఒక పార్టీ ఇంట్లో మజ్జిగ తాగారు. రెండో పార్టీ గొడవకొచ్చింది. ఈవిడ ఊరుకుంటారా? వాళ్ళింటికి కూడా పొయ్యి, అదే కొలత గ్లాసుతో మజ్జిగ తాగి, ఇద్దరికీ సమానం చేసి వచ్చారు. జడ్జిగారు శభాష్ అన్నారు."

వినటానికి బానే ఉంది. కానీ నేను ఎవరింట్లోనూ తాగలేదు, మిరపచేను గట్టు మీద నిలబడి తాగాను. రెండో పార్టీ నాకు చుక్క పొయ్యలేదు సరికదా, తిట్టి పంపింది. జడ్జిగారు శభాష్ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అంతే. ఇంకో రకం కథ కూడా ఉంది. గ్లాసు మజ్జిగకి రిపోర్టు రాసిచ్చిందని. దాన్ని నేను గదిలో లేనప్పుడు చెబుతారు. చెప్పేవాళ్ళెవరో నాకు తెలుసు. వాళ్ళకి కోర్టులోనే జవాబిస్తూ ఉన్నా. ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తా. ఎనిమిదేళ్ళయినా ఆ రోజు తలుచుకుంటే ఒళ్ళు జల్లుమంటుంది. అంత సంబరం నేను నా పెళ్ళిలో కూడా పడలేదు. మా ఆయన ఇది చదివితే చదవనీండి.

నన్ను మా ఆయనే చదివించి లాయర్ని చేశాడని మా అత్తగారి వైపు వాళ్ళు చెప్పుకుంటారు. అదీ సరి కాదు. ఆయన చేసిందల్లా అడ్డం పడకుండా ఉండటం. అది చిన్న విషయమేమీ కాదు, ఒప్పుకుంటా. కానీ గుంటూరు బస్సెక్కింది నేను.

మాది పురుగుమందుల షాపు. డిగ్రీ అయిన ఏడాదికే పెళ్ళయి ఆ కౌంటర్ వెనక్కి వచ్చిపడ్డాను. పదిహేనేళ్ళు అక్కడే కూర్చున్నా. మందు కొనటానికి వచ్చిన రైతు తెగులు గురించి రెండు నిమిషాలు, గట్టు తగాదా గురించి అరగంట చెప్పేవాడు. నేను ఊరుకునేదాన్ని కాదు. "మరి నీ పాసుపుస్తకంలో హద్దులేం రాసున్నాయి బాబాయ్?" "నోటీసు అందుకున్నావా, తిప్పి పంపావా?" అని అడ్డుప్రశ్నలు వేసేదాన్ని. ఒకరోజు మాచర్ల వైపు నుంచి వచ్చిన పెద్దాయన నాతో పావుగంట వాదించి, ఇంక చెప్పటానికేమీ లేక, మా ఆయన వైపు తిరిగాడు. "ఒరేయ్ అల్లుడూ, ఇంత నోటిని మందు డబ్బాల మధ్య పెట్టి మురగబెడుతున్నావేందిరా? పొయ్యి కోర్టులో పెట్టరాదూ?" ఆయన ఎగతాళికే అన్నాడు. నేను ఆ వారంలోనే లా కాలేజీ ఫారం తెప్పించా.

అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. క్లాసులో పిల్లలు మొదటి ఏడాది ఆంటీ అన్నారు, నోట్స్ కావాల్సొచ్చాక అక్కా అన్నారు. మూడేళ్ళ తర్వాత నల్లకోటు కుట్టించుకుని ఇంట్లో వేసి చూపిస్తే మా అత్తగారు మంచం మీద నుంచి తేరిపార చూసి, "ఈ ఎండల్లో కోటేందే? జొరమొచ్చిందా?" అన్నారు.

మా సీనియర్ సివిల్ కేసుల్లో నలభై ఏళ్ళు నలిగిన మనిషి. నన్ను చేర్చుకున్న రోజే చెప్పారు: "మాట్లాడటం నీకు వచ్చమ్మా. మాట్లాడకుండా ఉండటం ఎప్పుడు నేర్చుకుంటావో చూద్దాం." రెండేళ్ళ పాటు కోర్టులో నేను పలికింది ఒకే ఒక్క వాక్యం. "సార్ వేరే కోర్టులో ఉన్నారండీ, వాయిదా ఇప్పించండి." ఆ వాక్యాన్ని ఎన్ని రాగాల్లో పలకొచ్చో అన్ని రాగాల్లో పలికాను. కౌంటర్ వెనక పదిహేనేళ్ళు వాగినదాన్ని, జడ్జిగారి ఎదురుగా ఆ ఒక్క ముక్క చెప్పి తలొంచుకుని వెనక్కి రావటం ఎంత కష్టమో నన్నడగండి.

అలాంటి రోజుల్లో నా పేరు మీద కమిషన్ వారంటు వచ్చింది.

తెలియనివాళ్ళకి చెబుతా. పొలం తగాదాల్లో జడ్జిగారు స్వయంగా వచ్చి గట్లు చూడలేరు కదా. అందుకని ఎవరో ఒక లాయర్ని తన బదులు పంపుతారు. దాన్నే కమిషన్ అంటారు. ఆ లాయరు ఇద్దరిలో ఎవరి మనిషీ కాదు, జడ్జిగారి కళ్ళు. పోయి, ఉన్నది ఉన్నట్టు చూసి, కొలిపించి, రాసి తెచ్చివ్వాలి. ఎవరిది న్యాయమో చెప్పకూడదు. చెట్టుంటే చెట్టుందని, గట్టుంటే గట్టుందని రాయాలి. కొత్త లాయర్లకి ఇచ్చే పనే. కానీ ఆ కాగితం మీద నా పేరు, పక్కన కోర్టు ముద్ర చూసుకుని నేను మెట్ల మీదే నిలబడిపోయాను. ఇంటికి ఫోన్ చేసి, "నేను జడ్జిగారి కళ్ళనంట!" అని అరిచాను. అవతల మా ఆయన, "సరే, ఆ కళ్ళతో వచ్చేటప్పుడు పెరుగు పాకెట్ చూడు" అన్నాడు.

కేసు చిన్నదే. శావల్యాపురం దగ్గర ఒక ఊళ్ళో డెబ్భై ఏళ్ళ ముసలమ్మకి రెండెకరాల మిరప. భర్త పోయాక తనే దగ్గరుండి చేయించుకుంటోంది. ఆ చేలోకి పోవాలంటే రోడ్డు నుంచి ఆమె మరిది చేను అంచునే బండిదారి, మావైపు డొంక అంటాం, అది ఉండేదట. ఉమ్మడిగా ఉన్ననాటిదే, అన్నదమ్ములు పంచుకున్న రోజు నోటిమాటగా వదిలిన దారి. కాగితం లేదు, గ్రామం మ్యాపులో గీత లేదు. ఆ ఏడు మరిది ఆ డొంకని దున్ని మిరప వేసేశాడు. అడిగితే, "ఇక్కడ డొంకే లేదు, ఏనాడూ లేదు" అన్నాడు. ముసలమ్మ కోర్టుకెక్కింది. ఆమె కాయ ఎర్రబడింది. కోత మొదలు పెడితే టిక్కీలు, అంటే మిరప బస్తాలు, రోడ్డెక్కాలి. ట్రాక్టర్ పోయే దారి లేదు, నెత్తిన మోసే దూరం కాదు. దారి ఉండేదని రిపోర్టులో తేలితే, కోతల లోపు కోర్టు దారి తెరిపిస్తుంది. తేలకపోతే ఆ పంట చేలోనే రాలిపోవాలి. కోత అయ్యాక మరిది మళ్ళీ దున్నితే ఆ డొంక ఆనవాలు కూడా మిగలదు. అంటే ఆమె మొత్తం బతుకు నా రెండు కళ్ళ మీద పడింది.

బయల్దేరే ముందు రోజు సీనియర్ పిలిచి కూర్చోబెట్టారు.

"నీ బండి మీదే పో. వాళ్ళ కారెక్కమాకు. వాళ్ళు మంచం వేస్తే కూర్చోమాకు. అన్నం సంగతి సరే, మంచినీళ్ళు కూడా ముట్టుకోమాకు. నీ నీళ్ళు నువ్వు తీసుకుపో."

"నీళ్ళకి కూడా పక్షపాతం వస్తుందా సార్?"

"నీకు రాదు. చూసేవాళ్ళకొస్తుంది."

పక్కనున్న గుమాస్తా అందుకున్నాడు. "వినుకొండ వైపు ఒక కమిషనర్‌గారు జామకాయ కొరికారమ్మా. ఒక్క కొరుకు. రెండేళ్ళ దావా మళ్ళీ మొదటికొచ్చింది."

నేను నవ్వాను. ఇప్పుడు నవ్వను.

శివరాత్రికి ఇంకా పది రోజులుంది. పల్నాట్లో అప్పటికే ఎండ నడినెత్తిన కూర్చుంటుంది. స్కూటీ డిక్కీలో రెండు సీసాల నీళ్ళు, కారియర్, కోటు, వారంటు. తొమ్మిదిన్నరకల్లా చేను దగ్గరున్నా. ఒక గట్టు మీద ముసలమ్మ, ఆమె లాయరు. ఇంకో గట్టు మీద మరిది, ఆయన లాయరు. మధ్యలో గొలుసు పట్టుకుని సర్వేయరు. ఆ పక్క చేలో కలుపు తీస్తున్న ఆడకూలీలు. అందరూ నా వైపే చూస్తున్నారు.

సర్వేయరు గంటలో కొలిచి, "రికార్డు ప్రకారం ఇక్కడ దారి లేదు మేడమ్" అని గొలుసు చుట్టేశాడు. మరిది మీసం కింద నవ్వాడు. ముసలమ్మ గట్టు దిగి నా ముందుకొచ్చింది.

"రికార్డుకి కాళ్ళున్నయ్యా తల్లీ? నా కాళ్ళున్నయ్యి. యాభై ఏళ్ళు నడిచిన."

"వదినా, నువ్వు నడిచింది గట్టు మీద," అన్నాడు మరిది.

"మరి నా పెళ్ళయిన ఏడు పంట బండి గట్టు మీద తోలుకొచ్చార్రా? నువ్వే గదరా ముందు కూర్చుంది, నిక్కరేసుకొని!"

కూలీలు కిసుక్కున నవ్వారు. ఇద్దర్నీ ఆగమన్నాను. మాటలు వినటం నా పని కాదు, చూడటమే నా పని. గట్టెక్కి నిలబడి మరిది చేను వైపు చూశాను. ఒక్క నిమిషం ఏమీ కనబడలేదు. మిరప, మిరప, ఎర్రటి మిరప. తర్వాత కనబడింది. ఒకసారి కనబడ్డాక ఇంక కనబడకుండా పోదు. చేనంతా మొక్క నడుమెత్తుంది. చేను అంచు వెంట, తాడు పట్టి గీసినట్టు, తొమ్మిది పది అడుగుల వెడల్పున ఒక పట్టీలో మాత్రం మొక్కలు మోకాలెత్తులో గిడసబారిపోయి, ఆకు ముడుచుకుని, కాయ లేకుండా నిలబడ్డాయి. రోడ్డు దగ్గర మొదలై సూటిగా ముసలమ్మ చేను దాకా.

పదిహేనేళ్ళు పురుగుమందుల షాపులో కూర్చున్నదాన్ని. తెగులైతే అక్కడక్కడ మచ్చలుగా వస్తుంది, గీత గీసినట్టు రాదు. ఏళ్ళ తరబడి బండ్లూ ట్రాక్టర్లూ తొక్కి రాయిలా చేసిన నేలలో వేరు దిగదు. ఒక్కసారి దున్నినంత మాత్రాన నేల మరిచిపోదు. "కొలవండి!" అని సర్వేయర్ని కేకేశాను. ఆయన చుట్టిన గొలుసు మళ్ళీ విప్పాడు. నేను పట్టీలో మొక్క, పక్కన మొక్క, పట్టీలో మొక్క, పక్కన మొక్క, అలా ఇరవై చోట్ల ఎత్తులు కొలిపించి రాసుకుంటూ పోయా. కోటు చెమటకి వీపుకంటుకుపోయింది. నాకు పట్టలేదు.

పట్టీ చివర, రెండు చేల మధ్య బోదె ఉంది. పాయ లాంటి చిన్న కాలవ. గడ్డి దుబ్బుల కింద, బోదెకి అడ్డంగా పరిచిన నాపరాయి అంచు కనబడింది. మరిదిని అడిగా.

"ఇదేం రాయండీ?"

"బట్టలుతుక్కునే రాయమ్మా. మా ఆడోళ్ళు ఉతుక్కుంటారు."

మరిది అటు తిరగ్గానే కూలీల్లో నుంచి ఒకామె గట్టు మీదికొచ్చింది. చీర మీద మగవాళ్ళ చొక్కా, ముఖం చుట్టూ తువ్వాల, కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. చిన్నగా అంది: "ఆ చివర ఇంకా ఉందక్కా రాయి. మట్టి తీసి కడుగు."

కడగటానికి బోదెలో నీళ్ళు లేవు. ఎండిపోయి ఉంది. నేనేం చేశానో తెలుసా? డిక్కీలో నుంచి నా రెండు సీసాలూ తెచ్చి, చేత్తో మట్టి గీకి, ఆ రాయి మీద ఒంపేశా. చుక్క మిగల్చకుండా. నా దాహం సంగతి నాకు గుర్తే లేదు.

రాయి నల్లగా తడిసి మెరిసింది. దాని మీద రెండు గాళ్ళు. చెయ్యి పెడితే వేలు దిగేంత లోతు, రెండూ సమాంతరంగా, బండి చక్రాలంత ఎడం. ఇనప కమ్ముల చక్రాలు ఏళ్ళకేళ్ళు ఒరుసుకుని చేసిన గాళ్ళు. ఆ రాయి దాటితే ముసలమ్మ చేను తప్ప ఇంకేమీ లేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది. జడ్జిగారి కళ్ళు అరవకూడదు కాబట్టి, గొంతు సవరించుకుని, "బట్టలు ఉతికితే రాయి నున్నబడుతుంది గదండీ, గాళ్ళు పడతాయా?" అని మాత్రం అన్నాను. అది కూడా అనకూడదు. సీనియర్ చెప్పిన మాట్లాడకుండా ఉండటం ఇంకా నేర్చుకోలేదు.

ఫోటోలు తీసి, రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించేసరికి ఒంటిగంట దాటింది. కళ్ళు బైర్లు కమ్మాయి. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అప్పుడు ఆ తువ్వాలామె స్టీలు క్యాను, గ్లాసు పట్టుకుని వచ్చింది. "తాగక్కా, పడిపోతావు" అంది. కూలీలు తెచ్చుకున్నదేమో అనుకున్నా. కూలీకి పక్షం ఏముంటుందని అనుకున్నా. నిజం చెప్పాలంటే ఏమీ అనుకోలేదు, తాగేశా. అల్లం, పచ్చిమిరపకాయ దంచి వేసిన పల్చటి మజ్జిగ. కరివేపాకు పంటికి తగిలింది. అంత రుచైన వస్తువు నా జన్మలో గొంతు దిగలేదు.

గ్లాసు దించేసరికి చేనంతా నన్నే చూస్తోంది.

"అయిపాయె," అంది ముసలమ్మ. "నా కాయంతా ఆ గ్లాసులో మునిగిపాయె."

"ఏందమ్మా?"

"ఏందా? నీకు మజ్జిగ పోసింది ఎవరనుకున్నావు? నా మరిది కోడలు!"

ఆ తువ్వాలామె ఖాళీ గ్లాసు తీసుకుని, ఏమీ ఎరగనట్టు నడిచిపోయింది. మరిది కూలి మనుషుల్తో పాటు ఇంటి కోడల్నీ కలుపుకి దింపుతాడని నాకేం తెలుసు?

"పెద్దమ్మా, ఎవరో తెలియక తాగా. నీ అనుమానం పోవాలంటే నువ్వూ ఒక గ్లాసు పొయ్యి, నీదీ తాగుతా."

"మా బర్రె ఒట్టిపోయింది. ఈనినా నీకు పొయ్యను. సదువుకున్న ఆడది వస్తందంటే ఎంత సంతోషపడ్డ! గ్లాసు మజ్జిగకి ముఖం వాచిపోయి ఉన్నావా?"

ఇదీ నేను రెండో ఇంట్లో తాగిన మజ్జిగ. కథలు చెప్పేవాళ్ళు రాసుకోవాలి.

ఆఫీసుకొచ్చి సీనియర్‌కి చెబితే ఆయన తలెత్తి ఫ్యాను వైపు చూశారు. "నీళ్ళు ముట్టుకోవద్దన్నా గదమ్మా," అన్నారు. "నీళ్ళు ముట్టుకోలేదు సార్" అనబోయి నోరు మూసుకున్నా. ఆ సంగతి మాత్రం నేర్చుకున్నట్టే లెక్క. అప్పుడే ముసలమ్మ లాయరు గుమాస్తా ద్వారా కబురు తెలిసింది. ఆమె రిపోర్టు రాకముందే అభ్యంతరం పిటిషన్ వేయించేస్తోందట. ఈ కమిషనర్ ప్రతివాది దగ్గర మజ్జిగ తాగింది, ఈవిడ రిపోర్టు చెల్లదు, వేరేవాళ్ళని పంపాలని.

ఎంత విచిత్రమో చూడండి. నా రిపోర్టులో ప్రతి అక్షరం ఆ ముసలమ్మ దారినే చూపిస్తోంది. దాన్ని కొట్టేయమని అడుగుతున్నది ఆ ముసలమ్మే. ఏం రాశానో ముందుగా చెబుదామంటే నేను కోర్టు మనిషిని, ఒక పార్టీకి చెప్పకూడదు. కొట్టేస్తే కొత్త కమిషనర్ వచ్చేసరికి కోతలైపోతాయి, చేను దున్నేస్తారు. ఆమె పంట పోతుంది, నా పేరు మజ్జిగలో కలుస్తుంది. రెండూ ఒకే గ్లాసులో.

ఆ సాయంత్రం రిపోర్టు రాస్తూ రాస్తూ పదకొండో పేరా దగ్గర ఆగా. ఉన్నది ఉన్నట్టు రాయటమే నా పని అయితే, మజ్జిగ కూడా ఉన్నదే కదా? రాశా. "సుమారు ఒంటిగంట పది నిమిషాలకు, నాలుగు, ఐదు సంఖ్యల ఫోటోలలోని రాతిని కడుగుటకు నా వెంట తెచ్చుకున్న త్రాగునీరు మొత్తము వాడివేసినందున దాహము వేసి, ప్రతివాది కోడలు ఇచ్చిన గ్లాసెడు మజ్జిగ, ఆమె ఎవరో తెలియక త్రాగితిని. అప్పటికి పరిశీలన పూర్తయి ఉభయుల సంతకాలు తీసుకొనబడినవి. వాదిని కూడా మజ్జిగ అడిగితిని. ఆమె ఇవ్వలేదు."

సీనియర్ చదివి బల్ల మీద చెయ్యి కొట్టారు. "కమిషనర్ రిపోర్టులో మజ్జిగేందమ్మా? నలభై ఏళ్ళలో చూళ్ళేదు!"

"దాచితే వాళ్ళు చెప్పిందే కథవుతుంది సార్. నేను చెబితే రికార్డవుతుంది."

ఆయన కలం తీసి "గ్లాసెడు" పక్కన "ఒక" అని చేర్చారు.

వాయిదా రోజు కోర్టు హాలు నిండిపోయింది. మజ్జిగ కేసని తెలిసి పక్క కోర్టు లాయర్లు కూడా వచ్చి కూర్చున్నారు. ముసలమ్మ లాయరు లేచి పిటిషన్ గురించి మొదలుపెట్టాడు. మాట్లాడుతూనే ఆ ఉదయం చేతికందిన రిపోర్టు కాపీ తిప్పుతున్నాడు. మూడో పేజీ దగ్గర ఆయన గొంతు ఆగింది. నాలుగో పేజీలో ముఖం మారింది. "ఈ పిటిషన్ మీద మేము… ఒత్తిడి చెయ్యదలచుకోలేదండీ" అన్నాడు.

వెనక బెంచీ నుంచి ముసలమ్మ లేచింది. "ఎవరు నాయనా ఒత్తిడి చెయ్యంది? నేను చేస్తున్న! తాగింది తాగిందే!"

అప్పుడే ప్రతివాది లాయరు నెమ్మదిగా నిలబడ్డాడు. నిలబడి ఏమన్నాడు? "వాది అనుమానం సహజమేనండీ. మాకూ అభ్యంతరం లేదు. కొత్త కమిషనర్ని వేయించండి." ఎంత మెత్తగా అన్నాడో! ఇంత దయ ఎప్పుడు నేర్చుకున్నారు వీళ్ళు? రిపోర్టు కొట్టేస్తే లాభం ఎవరికో ఆ నిమిషంలో అర్థమైంది. దానితో పాటు ఆ స్టీలు క్యాను కళ్ళ ముందు మెరిసింది.

జడ్జిగారు పదకొండో పేరా పైకి చదివారు. హాలంతా నవ్వు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముసలమ్మని ముందుకి రమ్మన్నారు.

"రిపోర్టులో ఏముందో మీకు ఎవరన్నా చెప్పారామ్మా?"

"చెప్పక్కర్లేదయ్యా, నా కళ్ళతో చూసినా తాగటం."

"ఒకసారి వినండి. కమిషనర్‌గారూ, ఆమెకి అర్థమయ్యే తెలుగులో చెప్పండి."

చెప్పాను. రెండేళ్ళుగా వాయిదాలు అడిగిన గొంతు అది, ఇప్పుడు వదిలితే ఆగలేదు. గిడసబారిన మొక్కలు, ఇరవై చోట్ల కొలతలు, రోడ్డు నుంచి ఆమె చేను దాకా సూటిగా పట్టీ, బోదె మీద నాపరాయి, దాని మీద రెండు గాళ్ళు. ముసలమ్మ తల వంచి వింటూ రాయి దగ్గర తలెత్తింది. చూపుడు వేలూ బొటనవేలూ ఎడం చేసి, "ఇంత లోతుంటయ్యా గాళ్ళు?" అంది.

"అంతే పెద్దమ్మా."

"ఇదంతా మజ్జిగ తాగకముందు చూసినవా, తాగినాక చూసినవా?"

"చూసింది తాగకముందు. రాసింది తాగాక."

ఆమె చాచిన వేళ్ళు ముడుచుకుంది. "అయితే ఉంచండయ్యా," అంది జడ్జిగారితో. నా వైపు తిరిగి, "తాగటం మాత్రం తప్పే" అంది.

ఆ వారంలోనే డొంక తెరవమని ఉత్తర్వు వచ్చింది. పట్టీలో మొక్కలు పీకించి ట్రాక్టర్ పోనిచ్చారు. ముసలమ్మ టిక్కీలన్నీ ఆ నాపరాయి మీదుగానే రోడ్డెక్కాయి. నేను పోయి చూడకూడదు. పోలేదు. కానీ ఆ రోజంతా కోర్టులో ఏ పనీ చేతకాక, వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నా. సాయంత్రం గుమాస్తా వచ్చి, "ఆఖరి లోడు కూడా పోయిందంటమ్మా" అంటే, ఆయనకి టీ ఇప్పించి నేను రెండు తాగా.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది, ఇద్దరు జూనియర్లున్నారు. కూరగాయల మార్కెట్‌కి పోతే వంకాయలు ఏరుతున్న చేతిని పట్టుకుని, "లాయరమ్మా, మా గోడ సంగతి ఒక్క మాట" అంటారు. పెళ్ళిలో భోజనానికి కూర్చుంటే పక్క విస్తరి ఆయన వీలునామా చెబుతాడు. ఊళ్ళల్లో నన్ను మజ్జిగ లాయరమ్మ అని పిలుస్తారు. మొదట్లో మండేది. ఇప్పుడు ఆ పేరు చెప్పి వచ్చిన కేసు ఎక్కువ. మా జూనియర్లని కమిషన్‌కి పంపేటప్పుడు నాలుగు సీసాల నీళ్ళు నేనే బండిలో పెట్టి, "రెండు తాగటానికి, రెండు రాళ్ళు కడగటానికి" అని చెబుతా.

మొన్న శివరాత్రి తిరణాళ్ళలో కోటప్పకొండ దగ్గర, ప్రభల కింద జనంలో నెట్టుకుంటూ పోతుంటే, ఎదురుగా ఒకామె ఆగింది. తువ్వాల లేదు. అయినా ఆ కళ్ళు గుర్తుపట్టా. ఆమె కూడా గుర్తుపట్టి నవ్వింది. "అక్కా, ఎండగా ఉంది, మజ్జిగ తాగుతావా?" అంది. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి జనం తోసుకొచ్చారు. ఆమె ఎటు పోయిందో ఎంత వెతికినా దొరకలేదు.

ఎనిమిదేళ్ళుగా నా నోట్లో ఒక ప్రశ్న ఉంది. అడ్డుప్రశ్నలతో ఎంతమంది సాక్షుల్ని నిలబెట్టానో లెక్కలేదు గానీ, ఈ ఒక్క సాక్షి నా చేతికి చిక్కలేదు. అమ్మాయ్, మట్టి కింద రాయి ఉందని చూపించింది నువ్వే, దాని మీద నా నీళ్ళు అయిపోయాక మజ్జిగ పోసిందీ నువ్వే. ఆ రెండింట్లో ఏది నీ అంతట నువ్వు చేసింది, ఏది మీ మామ చేయించింది?